మొదటిసారి చెయిర్‌లిఫ్ట్ ఎక్కబోతున్న మీకు

మీరు రాసిందంతా చదివాను. జనవరి చివర్లో బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి నాలుగు కుటుంబాలు కలిసి ఉత్తరాఖండ్‌లోని ఔలి వెళ్తున్నారు. మీరు స్నోబోర్డ్ (రెండు కాళ్లూ ఒకే పలకకి కట్టుకుని మంచు మీద జారడం) నేర్చుకుందామని, మీ ఆవిడ స్కీయింగ్ (కాలికొక పలకతో జారడం) నేర్చుకుందామని అనుకుంటున్నారు. ఎనిమిదేళ్ల పాప కూడా వస్తోంది. మంచులో పడతామన్న భయం మీకు లేదు. కానీ జనాన్ని కొండ పైకి మోసుకెళ్తూ ఆగకుండా తిరిగే ఆ చెయిర్‌లిఫ్ట్ కుర్చీల మీంచి జనం పడిపోతున్న వీడియోలు చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, టికెట్లు క్యాన్సిల్ చేసుకోవాలా అని అడిగారు. స్నేహితులేమో "కుర్చీలో కూర్చోవడమే కదా" అని కొట్టిపారేస్తున్నారు.

క్యాన్సిల్ చేసుకోవద్దండి. అలాగని మీ స్నేహితుల మాటా నేను ఒప్పుకోను. అది ఉత్తినే కూర్చోవడం కాదు. నేర్చుకోవాల్సిన పని. నేర్చుకుంటే వస్తుంది, నేర్చుకోకుండా వెళ్తే మీరు భయపడుతున్నట్టే జరుగుతుంది.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మాది హిందూపురం. పదహారేళ్లుగా బెంగళూరే ఊరు. ముప్ఫై మూడో ఏట ఔలిలో మొదటిసారి స్కీలు కట్టుకున్నాను. మధ్యలో ఉద్యోగం మీద కొలరాడోలో మూడు చలికాలాలు ఉన్నాను, అక్కడ దాదాపు ప్రతి శనివారం కొండ మీదే. తిరిగొచ్చాక ఏటా తెలిసిన కుటుంబాలను వెంటబెట్టుకుని ఔలికో గుల్‌మర్గ్‌కో వెళ్తున్నాను. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాదు. కానీ చెయిర్‌లిఫ్ట్ దగ్గరికొచ్చి కాళ్లు వణికినవాళ్ల పక్కన కూర్చుని పైకి వెళ్లడం మాత్రం చాలాసార్లు చేశాను. ఇక్కడ రాసేదంతా వాళ్ల దగ్గర గమనించిందే.

మనం చెయిర్‌లిఫ్ట్ భయం అని ఒకే పేరు పెడతాం. నిదానంగా అడిగితే ఒక్కొక్కరి భయం ఒక్కో చోట ఉంటుంది. "నాకు ఎత్తంటే భయం" అని చెప్పినవాళ్లే పదో అంతస్తు బాల్కనీలో నిలబడి హాయిగా కాఫీ తాగుతారు. వాళ్ల అసలు భయం కుర్చీ వెనక నుంచి వచ్చి కొడుతుందని, పైన దిగలేక అందరి ముందూ పడిపోతామని. అంటే ఎక్కే పది సెకన్లు, దిగే పది సెకన్లు. మధ్యలో ఉన్న ఐదారు నిమిషాలు కూర్చోవడం తప్ప మనం చేసేదేమీ లేదు. కాబట్టి మీ శ్రమంతా ఆ రెండు చోట్ల పెట్టండి. పైగా ఆ రెండూ నేల మీద ప్రాక్టీస్ చేసుకోగలిగినవి.

ఇంకో భయం ఉంటుంది. అది చాలామంది బయటికి చెప్పరు. "పైకి వెళ్లాక కిందికెలా రావాలి?" అన్నది. ఆ భయం న్యాయమైనది, దాన్ని అణచుకోవద్దు. చిన్న వాలు మీద మీ అంతట మీరు ఆగడం, ఇటూ అటూ తిరగడం వచ్చేదాకా బోర్డుతో చెయిర్‌లిఫ్ట్ ఎక్కకండి. సాధారణంగా దానికి రెండు రోజులు పడుతుంది, కొందరికి మూడు. స్నోబోర్డ్‌కి మొదటి రెండు రోజులు మరీ కష్టం. తోటివాళ్లు రెండో రోజే పైకి వెళ్లిపోతున్నారని మీరూ వెళ్లక్కర్లేదు. నాకు తెలిసి లిఫ్ట్ దగ్గర ఏడ్చినవాళ్లకంటే, పైదాకా వెళ్లి కొండ చూసి ఏడ్చినవాళ్లే ఎక్కువ.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట అమ్మానాన్నా కాశీ, గయ యాత్రకు వెళ్లారు. గయలో పిండప్రదానాలు అయ్యాక బస్సువాళ్లు రాజ్‌గిర్ తీసుకెళ్లారు. అక్కడ రత్నగిరి కొండ మీద 1969లో కట్టిన విశ్వశాంతి స్తూపం ఉంది. దానికి ఒక్కరొక్కరుగా కూర్చుని వెళ్లే చెయిర్‌లిఫ్ట్ ఉంది. తలుపుల్లేని కుర్చీ, కింద లోయ, ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అమ్మకు అప్పటికి అరవై దాటాయి. నేత చీర, చేతిలో ప్రసాదం సంచి. వరసలో తన వంతు వచ్చేలోపు అమ్మ ముందున్న పదిమందినీ గమనించిందట. కుర్చీ ఎక్కడ వంపు తిరుగుతోంది, వాళ్లు ఏ కాలు ముందు పెడుతున్నారు, అక్కడున్న మనిషి ఏ చెయ్యి పట్టుకుంటున్నాడు, అన్నీ. తర్వాత కొంగు నడుముకి బిగించి, సంచి ఒళ్లోకి మార్చుకుని, ఆ మనిషితో వచ్చీరాని హిందీలో "బాబూ, నాకు భయం, కాస్త పట్టుకో" అని చెప్పింది. అతను మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అంతే. పైకి వెళ్లింది, కిందికి వచ్చింది.

అమ్మ చేసిన పనులు చూడండి. గమనించింది, వేలాడేవి సర్దుకుంది, భయమని చెప్పింది. ఈ మూడో పని బెంగళూరు ఆఫీసుల నుంచి వచ్చే మనవాళ్లు చెయ్యరు. మొహమాటం. వెనక నలభైమంది నిలబడి ఉంటే లిఫ్ట్ ఆపరేటర్ని "కాస్త నెమ్మది చెయ్యండి" అని అడగడానికి సిగ్గు. ఆ మనిషి అక్కడ నిలబడిందే అందుకు. స్లో చేసే బటన్, ఆపే బటన్ రెండూ అతని చేతి దగ్గరే ఉంటాయి. "పెహ్లీ బార్ హై, ధీరే" (మొదటిసారి, నెమ్మదిగా) అని రెండు ముక్కలు చెబితే చాలు. ఆ మాట దూరం నుంచి కాదు, మీ ముందు రెండు కుర్చీలు ఉండగానే అతని కళ్లలోకి చూసి చెప్పండి. అతను తలూపాకే ముందుకు కదలండి. పైన దిగేచోట ఇంకో ఆపరేటర్ ఉంటాడు. పైకి కబురు చెప్పమని కూడా కింది మనిషినే అడగొచ్చు.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రెండు చివర్లా రెండు పెద్ద చక్రాలు. వాటి చుట్టూ ఉక్కు తాడు ఒకటి, మన పిండిమర బెల్టులా, తిరుగుతూ ఉంటుంది. మధ్యలో స్తంభాల మీద చిన్న చక్రాల వరస ఆ తాడుని మోస్తుంది. కుర్చీలు తాడుకి పట్టుకుని ఉంటాయి. పాత రకం లిఫ్టుల్లో ఆ పట్టు ఎప్పుడూ వదలదు. అందుకే కుర్చీ గాల్లో ఎంత వేగంతో వెళ్తుందో మీ దగ్గరికీ అంతే వేగంతో వస్తుంది. సెకనుకు రెండు, రెండున్నర మీటర్లు ఉంటుంది. మనం నడిచే వేగానికి దాదాపు రెట్టింపు. కొత్త రకంలో స్టేషన్‌లోకి రాగానే కుర్చీ తాడుని వదిలేసి నడక వేగానికి తగ్గుతుంది, మనం కూర్చున్నాక మళ్లీ తాడుని పట్టుకుని సెకనుకు ఐదు మీటర్ల దాకా వెళ్తుంది. చూడటానికి ఈ రెండోది పెద్దగా, భయంగా ఉంటుంది కానీ ఎక్కడానికి అదే సులువు. 

ఔలి చెయిర్‌లిఫ్ట్ పొడవు సుమారు 800 మీటర్లు. సెకనుకు రెండు మీటర్ల లెక్క వేసుకున్నా ఏడు నిమిషాలలోపే. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర సిగ్నల్‌లో మీరు రోజూ అంతకంటే ఎక్కువసేపే కూర్చుంటారు.

దీన్ని కనిపెట్టిన వైనం నాకు చాలా ఇష్టం. ప్రపంచంలో మొదటి స్కీ చెయిర్‌లిఫ్ట్ 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీలో వచ్చింది. యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఇంజనీరు జేమ్స్ కర్రన్ దాన్ని తయారుచేశాడు. అంతకుముందు అతను అరటి గెలల్ని ఓడల్లోకి ఎక్కించే యంత్రాల మీద పనిచేశాడు. కదిలే తాడుకి కొక్కేలు, కొక్కేలకి గెలలు. ఆ కొక్కెం ఉన్నచోట కుర్చీ పెడితే మనిషి వెళ్లలేడా అని అనుకున్నాడు. రావులపాలెం అరటి మార్కెట్ చూసినవాళ్లకి ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. కుర్చీ ఎంత వేగంతో వస్తే మనిషి దెబ్బ తగలకుండా కూర్చోగలడో తెలుసుకోవడానికి ఒమాహాలో లారీకి కుర్చీ వేలాడదీసి మనుషుల్ని ఎక్కించి చూశారు. అక్కడ మంచు లేదు. రోలర్ స్కేట్లు తొడిగి చూశారు.

మంచు లేని ఊళ్లో వాళ్లు చేసిన పనే మనమూ బెంగళూరులో చెయ్యొచ్చు. ఇంట్లో చేతులు లేని చక్రాల ఆఫీసు కుర్చీ ఉంటే తీయండి. టైల్స్ నేల మీద మీరు మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. మీ ఆవిడని వెనక నుంచి ఆ కుర్చీని మెల్లగా తోసుకుంటూ రమ్మనండి. మీరు భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఒక చేత్తో సీటు అంచుని అందుకుని, అది పిక్కలకు తగలగానే కూర్చోండి. కుర్చీ మీద పడిపోవడం కాదు, దాన్ని అందుకుని ఒళ్లు దించడం. ఆ తేడా పదిసార్లు చేస్తే తెలుస్తుంది. ఇరవైసార్లు చేస్తే వెనక్కి చూడటం అలవాటైపోతుంది. తర్వాత కూర్చుని ఉండగా ఆవిడ కుర్చీని గట్టిగా పట్టుకోవాలి. మీరు సీటు అంచుకి జరిగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగి, చేతులతో ఏమీ పట్టుకోకుండా లేవండి. దిగడమంటే ఇదే. తొడల్లో బలం లేనివాళ్లకి ఇక్కడే తెలిసిపోతుంది. అలాంటివాళ్లు గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు అర నిమిషం నిలబడటం రోజూ చెయ్యాలి. మీకింకా నెలన్నర ఉంది, చాలు.

మీది స్నోబోర్డ్ కాబట్టి ఇంకొకటి అదనంగా కావాలి. లిఫ్ట్ దగ్గర వెనక కాలు బైండింగ్‌లోంచి (బూటుని బోర్డుకి బిగించే పట్టీల అమరిక) తీసేసి, ముందు కాలు ఒక్కటే బోర్డుకి కట్టి ఉంచుతారు. ఒంటికాలితో తోసుకుంటూ వరసలో కదలాలి, పైన దిగి ఒంటికాలి మీదే జారాలి. చాలామంది స్నోబోర్డర్లు లిఫ్ట్ దగ్గర పడేది ఎత్తు వల్ల కాదు, ఈ ఒంటికాలి జారుడు ముందు నేర్చుకోకపోవడం వల్ల. మీ అపార్ట్‌మెంట్‌లో పిల్లల స్కేట్‌బోర్డ్ దొరికితే హెల్మెట్ పెట్టుకుని బేస్‌మెంట్‌లో సాయంత్రాలు తోసుకుంటూ తిరగండి. ఔలిలో మొదటిరోజు ఒక గంట పూర్తిగా దీనికే ఇమ్మని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. చదునైన చోట తోసుకోవడం, కొద్దిపాటి వాలులో వెనక కాలిని రెండు బైండింగుల మధ్య, వెనక బైండింగ్‌కి ఆనించి పెట్టి తిన్నగా జారి ఆగడం. ఇది పదిసార్లు పడకుండా వస్తే మీకు లిఫ్ట్ వచ్చినట్టే.

ఔలిలో మీకొక మంచి వెసులుబాటు ఉంది. స్కీలూ బోర్డూ లేని టూరిస్టులు కూడా ఆ చెయిర్‌లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లి, చూసి, దాని మీదే కిందికి వస్తారు. మీరు కూడా మొదటిసారి అలాగే వెళ్లండి. మామూలు బూట్లతో, ఖాళీ చేతులతో. కుర్చీ తాకిడి ఎలా ఉంటుంది, స్తంభం దాటేటప్పుడు చక్రాల మీద టకటకమని ఎలా అదురుతుంది, పైన దిగేచోటు ఎంత వాలుగా ఉంది, ఇవన్నీ తెలుస్తాయి. నేను తీసుకెళ్లిన ప్రతివాళ్లనీ అలాగే తిప్పుతాను. రెండోసారి బోర్డుతో వెళ్లినప్పుడు కొత్తది బోర్డు ఒక్కటే అవుతుంది. మంచు, గాలి బట్టి లిఫ్ట్ ఆపేస్తుంటారు కాబట్టి ఆరోజు నడుస్తోందో లేదో పొద్దున్నే కనుక్కోండి. ఇంకోమాట, జోషిమఠ్ నుంచి ఔలికి వేసిన నాలుగు కిలోమీటర్ల రోప్‌వే వేరు, ఇది వేరు. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగినప్పుడు ఆ రోప్‌వే ఆపేశారు. మీ ప్లాన్ రోడ్డు మీద వెళ్లేలాగే వేసుకోండి.

ఇక ఎక్కడం. వరసలో ఉండగానే వేలాడేవన్నీ సర్దుకోవాలి. దీని గురించి నేను చాలా పట్టుదలగా ఉంటాను. బ్యాక్‌ప్యాక్ వీపు మీంచి తీసి ముందుకి, ఒళ్లోకి తెచ్చుకోండి. దాని పట్టీ కుర్చీకి చిక్కుకుంటే దిగేచోట మనిషి దిగలేక కుర్చీతోపాటే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. చెయిర్‌లిఫ్ట్ మీద నేను నిజంగా భయపడేది దీనికే. మఫ్లర్ చివరలు జాకెట్ లోపలికి. ఆడవాళ్లు చున్నీ వేసుకుని రాకూడదు, జడ జాకెట్ లోపల పెట్టుకోవాలి. ఫోను జిప్పున్న జేబులో. మీ ఆవిడ స్కీ కర్రల పట్టీలు మణికట్టు నుంచి తీసేసి, రెండు కర్రలూ ఒకే చేతిలో, కుర్చీ మధ్యవైపు ఉండే చేతిలో పట్టుకోవాలి.

మీ ముందున్నవాళ్ల కుర్చీ మిమ్మల్ని దాటగానే బయల్దేరండి. ఆలస్యం చేస్తే తర్వాతి కుర్చీ వచ్చేస్తుంది. ఎక్కడ నిలబడాలో చూపే గీతో సైన్‌బోర్డో ఉంటుంది. ఆ గీత దగ్గరికి చేరాక ముందుకు జారిపోకుండా ఆగండి, బోర్డు ముక్కు తిన్నగా ఎదురుగా ఉండాలి. భుజం మీదుగా వెనక్కి చూసి, చేత్తో కుర్చీని అందుకుని కూర్చోండి. కూర్చున్న వెంటనే వెనక్కి జరిగి వీపు ఆనించండి. అప్పుడు పక్కవాళ్లకి "బార్ దించుతున్నా" అని చెప్పి భద్రతా కమ్మీ దించండి. ఆ మాట చెప్పకుండా దించితే తలకి తగులుతుంది. కొన్ని దేశాల్లో కమ్మీ దించనివాళ్లు కూడా కనబడతారు, వాళ్లని చూసి మానెయ్యకండి.

పొరపాటు జరిగితే? కూర్చోలేక కింద పడితే లేవడానికి ప్రయత్నించకండి. అక్కడే బోర్లా పడుకుని తల దించుకోండి. కుర్చీ మీ పైనుంచి పోతుంది, ఈలోపు ఆపరేటర్ ఆపేస్తాడు. సగమే కూర్చున్నారనుకోండి, ఇంకా నేల కాళ్లకి అందుతూ ఉంటే వదిలేసి పక్కకి పడిపోవడమే మంచిది, ఆపమని అరవండి. నేల వదిలేశాక మాత్రం దూకకూడదు. గట్టిగా పట్టుకుని అరవండి, పక్కనున్నవాళ్లు మీ జాకెట్ పట్టుకోవాలి.

గాల్లో ఉన్నప్పుడు ఎత్తు భయం వేస్తే దానికి నేను చెప్పేది చిన్న ఉపాయమే. కింద చూడొద్దు అనను, ఎందుకంటే వద్దంటే అదే చూస్తాం. దాని బదులు ముందున్న స్తంభం నంబరు చదవండి. అది దాటాక తర్వాతిది. ఔలిలో ఐతే నందాదేవి శిఖరం కనబడుతుంది, 7,816 మీటర్లు. అది చూడండి. పక్కవాళ్లతో మాట్లాడండి, మాట్లాడుతున్నంతసేపు ఊపిరి బిగబట్టడం కుదరదు. మీకు ఒక కాలికే బోర్డు వేలాడుతుంటుంది కాబట్టి మోకాలు లాగుతుంది. ఖాళీగా ఉన్న కాలిని బోర్డు కింద ఆసరాగా పెట్టండి, హాయిగా ఉంటుంది.

లిఫ్ట్ మధ్యలో ఆగుతుంది. తప్పకుండా ఆగుతుంది, ముందే చెబుతున్నా. ఆగినప్పుడు కుర్చీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గుండె గొంతులోకి వస్తుంది. దాని అర్థం ఏదో తెగిందని కాదు. ఎక్కడో ఒకరు ఎక్కేచోటో దిగేచోటో పడ్డారు, ఆపరేటర్ తన పని తాను చేశాడు. రేపు మీరు పడితే మీ కోసం కూడా అలాగే ఆపుతారు. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో కదులుతుంది. కరెంటు పోతే నడపడానికి వేరే ఇంజిన్ ఉంటుంది. తాడు చక్రం మీంచి తప్పితే లిఫ్ట్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, వెనక్కి జారకుండా బ్రేకులు ఉంటాయి. ఇంజిను కూడా నడవని రోజున సిబ్బంది వచ్చి తాళ్లతో ఒక్కొక్కరినీ దింపుతారు. మీరు చేయాల్సింది కమ్మీ దించి ఉంచి కూర్చోవడం. ఏ పరిస్థితిలోనూ దూకవద్దు. మెత్తటి మంచే కదా అనిపిస్తుంది, పై నుంచి ఎత్తు సరిగ్గా తెలియదు.

దిగడం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. కొలరాడోలో మొదటి చలికాలం, నా పక్కన తెలియని పెద్దావిడ కూర్చుంది. లేచేటప్పుడు నా స్కీలు కొద్దిగా పక్కకి తిరిగాయి. పడిపోతానని అనిపించి ఆమె చెయ్యి పట్టేసుకున్నాను. నేను పడ్డాను, నా మీద ఆమె పడింది, ఆమె మణికట్టు బెణికింది. నేనొక్కదాన్నే పడి ఉంటే మంచులో కూర్చునేదాన్ని, అంతే. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు కానీ ఆ రోజంతా నాకు తిండి సయించలేదు. అందుకే దిగేటప్పుడు పక్కవాళ్లని పట్టుకోకూడదని నేను ఇంతగా చెబుతాను. మీరూ మీ ఆవిడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగుదామని అనుకోవద్దు. ప్రేమ కొద్దీ చేసే ఆ పని వల్లే ఇద్దరూ పడతారు.

గాల్లో ఉండగానే ఎవరు ఎటు వెళ్లాలో మాట్లాడుకోండి. ఎడమ చివర ఉన్నవాళ్లు ఎడమకి, కుడి చివర ఉన్నవాళ్లు కుడికి. మీరు చివరి సీటే అడిగి తీసుకోండి, మధ్య సీటు వద్దు. దిగేచోటు దగ్గర పడుతుండగా కమ్మీ ఎత్తమనే సైన్‌బోర్డు కనబడుతుంది, అప్పుడు కమ్మీ ఎత్తండి, అంతకుముందు కాదు. మీ ఆవిడ స్కీల కొనలు పైకెత్తి ఉంచాలి. కొనలు కిందికి ఉంటే అంచుకి గుచ్చుకుంటాయి. మీరు సీటు మీద కొద్దిగా పక్కకి తిరిగి బోర్డుని తిన్నగా ముందుకి పెట్టాలి. మంచు కాలికి తగలగానే లేవకండి. అందరూ చేసే తప్పు అదే. చదునైన భాగం మీదికి వచ్చి వాలు మొదలయ్యే చోట, ఇంట్లో కుర్చీ మీంచి లేచినట్టే, ముందుకి వంగి లేవండి. వెనక కాలు వెనక బైండింగ్‌కి ఆనించండి. చూపు కాళ్ల మీద కాకుండా దూరంగా ఏదో ఒక చెట్టు మీదో మనిషి మీదో ఉండాలి. ఆగడానికి, తిరగడానికి తొందరపడకండి. తిన్నగా జారిపోండి, వాలు దానంతటదే అయిపోతుంది.

పడితే పడండి. లేచి దులుపుకునే ముందు పాక్కుంటూ ఐనా దారిలోంచి పక్కకి తప్పుకోండి, వెనక కుర్చీ వస్తుంటుంది. దిగడం కుదరక కుర్చీలోనే ఉండిపోతే అలాగే కూర్చోండి. చివర్లో మనిషి తగలగానే లిఫ్ట్ ఆగిపోయేలా సాధారణంగా ఒక తీగో గేటో పెడతారు. ఆలస్యంగా దూకినవాళ్లకే దెబ్బలు.

పైకి వెళ్లాక కొండ చూసి కాళ్లు ఆడకపోతే, లిఫ్ట్ మీదే కిందికి పంపమని అడగండి. ఇది అవమానం కాదు. గాలి ఎక్కువైన రోజున నేను కూడా అలా వచ్చాను.

గుండె దడ గురించి ఒక మాట. బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఔలి రెండున్నర వేల మీటర్ల పైన మొదలై మూడు వేల దాకా వెళ్తుంది. ఒకట్రెండు రోజుల్లో అంత ఎత్తుకి చేరితే ఊరికే నిలబడినా ఊపిరి అందనట్టు, గుండె కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. లిఫ్ట్ వరసలో నిలబడి "నాకెంత భయంగా ఉందో" అనుకుంటాం, నిజానికి అందులో సగం ఎత్తు వల్ల. వెళ్లిన రోజు విశ్రాంతి తీసుకోండి, నీళ్లు బాగా తాగండి. తలనొప్పి, వాంతులు ఉంటే ఆ రోజు కొండ జోలికి వెళ్లొద్దు, తగ్గకపోతే కిందికి దిగిపోండి. మీకు బీపీ గానీ గుండె సమస్య గానీ ఉంటే ఇక్కడే డాక్టర్ని అడిగి బయల్దేరండి.

వచ్చే ఏడు గుల్‌మర్గ్ అనుకుంటే అక్కడ సంగతి కొంచెం వేరు. అక్కడి పేరుపడ్డ గొండోలా మూసి ఉండే క్యాబిన్, అందులో మీకు ఇబ్బంది ఉండదు. గొండోలా మధ్య స్టేషన్ కొంగ్‌దూరి నుంచి ఇంకా పైనున్న మేరీ షోల్డర్‌ అనే చోటికి వెళ్లే చెయిర్‌లిఫ్ట్ కొత్తవాళ్ల కోసం కాదు. కింద మైదానంలో నేర్చుకునేచోట ఎక్కువగా లాగే లిఫ్టులు ఉంటాయి. తాడుకి వేలాడే కర్ర, దాని చివర పళ్లెం లాంటిది. దాని మీద కూర్చోకూడదు, కూర్చుంటే కింద పడతారు. నిలబడే ఉండాలి, అది వెనక నుంచి లాక్కెళ్తుంది.

పాప గురించి అడిగారు. పిల్లలు పెద్దవాళ్లకంటే తొందరగా నేర్చుకుంటారు, కానీ బరువు తక్కువ, కాళ్లు పొట్టి కాబట్టి సీటు ఎత్తు వాళ్లకి ఎక్కువవుతుంది. పాపని ఆపరేటర్ నిలబడి ఉన్నవైపు చివర కూర్చోబెట్టండి, అతను చెయ్యి అందించగలడు. పక్కన కూర్చునేది మీరు కాకూడదు, మీ ఆవిడా కాకూడదు. మొదటి కొన్ని సార్లు ఇన్‌స్ట్రక్టరే ఉండాలి. మీరిద్దరూ ఒంటరిగా దిగడం వచ్చాక మీ వంతు. పాప వీపు వెనక్కి పూర్తిగా ఆనాలి, కమ్మీ దిగాలి, గ్లౌజ్ జారినా అందుకోవడానికి వంగకూడదని ముందే చెప్పాలి. పోయిన గ్లౌజ్ కొనుక్కోవచ్చు, దానికోసం జేబులో ఇంకో జత పెట్టుకోండి. మొదటిరోజు సాయంత్రం, క్లాసు అయ్యాక, ముగ్గురూ టీ తాగుతూ లిఫ్ట్ దిగేచోటు కనబడేలా పావుగంట నిలబడండి. ఎవరు బాగా దిగారు, ఎవరు తొందరపడి లేచారు అని పాపనే చెప్పమనండి.